చేతులెత్తని పిల్లలు

మీరు లెక్చరర్‌గా చేరిన మొదటి వారంలోనే స్టాఫ్ రూమ్‌లో ఎవరో ఒకరు టీ తాగుతూ ఈ మాట అంటారు: "ఈ పిల్లలకు పై చదువు మీద ఆశే లేదండీ." విని తల ఊపకండి. నేను ఊపాను. అక్కడితో ఆగకుండా, నా తర్వాత చేరినవాళ్లకు ఆ మాటను నేనే భద్రంగా అప్పజెప్పాను.

విశాఖలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాను. ప్రమోషన్ల గొడవలు, ఫైళ్ల గొడవలు ఇక్కడ రాయను. అవి మీకూ వస్తాయి, మీ తిట్లు మీరు తిట్టుకుంటారు. డిగ్రీ అయ్యాక ఎమ్మెస్సీ చదవాలన్న కోరిక ఒక పిల్లలో ఎలా బతుకుతుంది, దాన్ని మనం తెలియకుండా ఎలా తొక్కేస్తాం అన్నది మాత్రం చెప్పాలి. అది తెలుసుకోవడానికి నాకు సర్వీసులో ముప్పాతిక భాగం పట్టింది.

నాకు నోరు ఎక్కువ. ఇది ముందే ఒప్పుకుంటున్నాను. ఇందులో జరిగిన నష్టం చాలావరకు ఆ నోటివల్లే జరిగింది.

పేర్ల జాబితా

మా ప్రిన్సిపాల్ గారిది కృష్ణా జిల్లా. గడియారం చూసి నవ్వే మనిషి. ఏటా డిసెంబరులో, ఫైనలియర్ పిల్లల్లో పీజీకి వెళ్దామనుకునేవాళ్ల పేర్లు రాసి ఇమ్మనేవారు. ఆ జాబితాలో ఉన్నవాళ్లకే మధ్యాహ్నం ఎంట్రన్స్ క్లాసులు, పాత ప్రశ్నపత్రాలు, అప్లికేషన్ నింపడంలో సాయం. మిగిలినవాళ్ల మాటేమిటని ఎవరైనా అంటే ఆయన దగ్గర సామెత సిద్ధంగా ఉండేది: "అడగందే అమ్మయినా పెట్టదండీ."

నాకూ అది న్యాయంగానే తోచింది. క్లాసులోకి వెళ్లి, "పీజీ చేసేవాళ్లు చేతులెత్తండి" అనేదాన్ని. స్టీల్ ప్లాంట్ క్వార్టర్ల నుంచి వచ్చే పిల్లల చేతులు ఠక్కున లేచేవి. వాళ్ల నాన్నలు గోదావరి, కృష్ణా జిల్లాల నుంచి ఉద్యోగాలకు వచ్చి ఇక్కడే స్థిరపడినవాళ్లు. యారాడ నుంచీ, ఇటు ఒడ్డు వెంబడి పేటల నుంచీ వచ్చే మత్స్యకారుల పిల్లలు మాత్రం తల వంచుకుని రికార్డులో బొమ్మలు గీసుకుంటూ కూర్చునేవారు. చేప మొప్పలు బోర్డు మీద నేను గీసినదానికన్నా వాళ్లు బాగా గీసేవారు. అయినా చెయ్యి లేవలేదు కాబట్టి పేరు ఎక్కేది కాదు.

నా కాలంలో నా చెయ్యి ఎందుకు లేచిందో చెప్తాను. మా నాన్న రావులపాలెం పక్క పల్లె నుంచి వచ్చి పోర్టులో కళాసీగా చేరాడు. నాకు ముందు మా ఇంట్లో పదో తరగతి దాటినవాళ్లు లేరు. కానీ పోర్టు క్వార్టర్లలో మా పక్కింటి అక్క ఎమ్మెస్సీ చదివేది. తడి జడ వేసుకుని, పుస్తకాలు గుండెకు హత్తుకుని ఆవిడ బస్సుకు పరిగెత్తడం రోజూ చూసేదాన్ని. పీజీ అంటే నాకు ఆ పరుగే. కళ్లారా చూసినదాన్ని కోరుకోవడం తేలిక. అదంతా నా పట్టుదలేనని చాలా ఏళ్లు మురిసిపోయాను.

మా పిల్లలు కాలేజీ వదిలాక ద్వారకా నగర్ మీదుగానే బస్సుకు వెళ్తారు. అక్కడ ప్రతి మేడ మీదా బ్యాంకు కోచింగ్, గ్రూప్స్ కోచింగ్, కానిస్టేబుల్ కోచింగ్ అని బోర్డులు, ర్యాంకులు వచ్చినవాళ్ల ఫొటోలు. ఎమ్మెస్సీకి బోర్డు లేదు. వాళ్లకు కనిపించే ఎమ్మెస్సీ బోర్డు మన మొహమే. చిరాకు మొహంతో క్లాసుకు వెళ్లే రోజున ఆ సంగతి గుర్తు పెట్టుకోండి.

ఎల్లాజీ ఇచ్చిన టీ

ఎల్లాజీ యారాడ కుర్రాడు, చెయ్యెత్తనివాళ్లలో ఒకడు. చేపను చేత్తో తడిమి ఏ జాతో చెప్పేసి, దాని శాస్త్రీయ నామం ఆ తర్వాత తీరిగ్గా నేర్చుకునేవాడు. డిగ్రీ అయ్యాక కొన్నేళ్లకు ఫిషింగ్ హార్బర్‌లో కనిపించాడు. నేను ల్యాబ్‌కి స్పెసిమెన్లు తెచ్చుకోవడానికి వెళ్లాను. అతను అక్కడ రొయ్యల కంపెనీలో సూపర్‌వైజరు. నన్ను ఐసు పెట్టె మీద కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

మాటల్లో మాటగా చెప్పాడు. ఆ ఏడు ఎవరికీ చెప్పకుండా పీజీ ఎంట్రన్స్ రాశాడట. కొద్దిలో సీటు పోయిందట.

"జెనెటిక్స్‌లో పోనాది మేడమ్. మద్దేన్నం పూట మీరు సెప్పేవోరు కదా, అదే."

ఆ మధ్యాహ్నాలు అతను నా గది బయట వరండాలో, బస్సు టైమయ్యేదాకా కూర్చుని ఉండేవాడు. నేను తలుపు వేసుకుని చెప్పేదాన్ని, జాబితాలో లేనివాళ్లు గోల చేస్తారని. ఆ తలుపు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. అతనికి నా మీద కోపం కూడా లేదు, అది ఇంకా బాధగా ఉంది. మరి చెయ్యెందుకు ఎత్తలేదురా అంటే నవ్వి ఊరుకున్నాడు.

నేను నా తెలివికొద్దీ అర్థం చేసుకున్నాను. పిల్లలకు సిగ్గు, ఇంట్లోవాళ్లకు ఈ చదువుల సంగతి తెలియదు, కాబట్టి ఇళ్లకు వెళ్లి తల్లిదండ్రులతోనే మాట్లాడాలి. తప్పు దిద్దుకుందామన్న ఊపులో నేను ఇంకో తప్పుకు తయారయ్యాను.

యారాడ ఒడ్డున

ఆ మరుసటేడు ఫైనలియర్‌లో నూకరత్నం ఉంది. అదీ యారాడ పిల్లే. రోజూ కొండ ఎక్కి దిగే బస్సులో వచ్చేది. సముద్రపు నీటి చుక్క స్లైడు మీద వేసి మైక్రోస్కోప్ కింద పెడితే, అందులో కదిలే ప్లాంక్టన్‌ను చూస్తూ బెల్లు కొట్టినా కన్ను తీసేది కాదు. ఒకసారి మెల్లగా నా దగ్గరికి వచ్చింది.

"మేడమ్, ఈటిని లెక్కెట్టడమే ఉజ్జోగంగా ఉన్నోళ్లు ఉంతారా?"

ఉంటారని చెప్పాను. ఎమ్మెస్సీ మెరైన్ బయాలజీ చదవాలి, ఆ తర్వాత పరిశోధన చెయ్యాలి అన్నాను. మర్నాడు వచ్చి అదే స్లైడు మళ్లీ అడిగి తీసుకుంది. డిసెంబరులో మాత్రం చెయ్యి ఎత్తలేదు.

ఎల్లాజీని పోగొట్టుకున్నట్టు ఈ పిల్లను పోగొట్టుకోకూడదని గట్టిగా అనుకున్నాను. దీని చదువు డిగ్రీతో ఆగితే అది నా చేతకానితనమే. ఫిబ్రవరిలో ఒక ఆదివారం, ఆ పిల్లకు కూడా చెప్పకుండా యారాడ బయల్దేరాను. ఆలస్యమైతే తండ్రి వేటకు వెళ్లిపోతాడని, ఒక ఆటోవాణ్ని ముందురోజే మాట్లాడుకుని తెల్లవారేసరికి ఒడ్డున ఉన్నాను. నలుగురు మనుషులు ఫైబర్ పడవను నీళ్లలోకి తోస్తున్నారు. వాళ్లలో ముందున్నతనే దానయ్య, నూకరత్నం తండ్రి అని ఎవరో చూపించారు. చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలో గబగబా నడిచి వెళ్లి, మర్యాదకని, ఒడ్డంతా వినేలా పలకరించాను.

"దానయ్యగారూ, ఎక్కడికి బయల్దేరారు?"

పడవ ఆగిపోయింది. నలుగురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నేను ఆగానా? నేను ఫలానా మేడమ్‌నని, మీ అమ్మాయి ఎమ్మెస్సీకి, ఆ పైన పీహెచ్‌డీకి వెళ్లాల్సిన పిల్లని, మీరు అడ్డు చెప్పకూడదని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. గంపలతో వెళ్తున్న ఆడవాళ్లు కూడా నిలబడి విన్నారు. దానయ్య పడవను వెనక్కి లాగమని చేత్తో సైగ చేశాడు. వాళ్లు పడవను పొడి ఇసుక మీదికి లాగేసి, ఇంజను విప్పుకుని, ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోయారు. నేను చెప్పులు పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాను.

బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగకూడదని నాకు తెలియదా? చిన్నప్పుడు మా అమ్మ మొట్టికాయలు వేసి మరీ నేర్పింది. అడగక తప్పకపోతే "దూరమా?" అనాలనేది. సైన్సు చదివాక అదంతా చాదస్తమని వదిలేశాను. నా గుమ్మంలో నేను ఏమన్నా వదిలేసుకోవచ్చు. సముద్రంలోకి దిగబోయే మనిషి ముందు వదిలేసే హక్కు నాకెక్కడిది?

దానయ్య భార్య పైడితల్లి వచ్చి నన్ను ఇంటికి తీసుకెళ్లి, అరుగు మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది. ఆవిడ తిట్టలేదు.

"ఏటకి బయలెల్లినోడిని ఎక్కడికని అడగరు మేడమ్ గారూ. అడిగితే ఆ రోజు దిగరు. పిల్ల సంగతీ అంతేనండి. అది ఏటి సదవాలనుకుంతందో మాకు తెల్సు. తెలిసే మేం అడగలేదు."

అన్నేళ్లుగా డిసెంబరులో నేను చేసింది ఏమిటో ఆ అరుగు మీద నాకు తెలిసింది. బయల్దేరబోతున్న పిల్లలను నలుగురిలో నిలబెట్టి ఎక్కడికని అడిగాను. నోరు విప్పనివాళ్లకు వెళ్లే ఉద్దేశమే లేదని రాసేసుకున్నాను.

నూకరత్నం గుమ్మంలో నిలబడి ఉంది. "నాను సెప్పినానా మీకు?" అంది. అంతే అని లోపలికి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి కాలేజీకి రాలేదు.

తలుపు తీసిన ల్యాబ్

ఆ వారమంతా యారాడలో వలల్లో చేప సరిగా పడలేదట. ఎల్లాజీ ఫోన్ చేసి చెప్పాడు. ఒడ్డున ఎవరు ఎదురుపడ్డా, నీ కూతురు పెద్ద డాట్రమ్మ అయిపోతందంట కదా అని దానయ్యను ఎకసెక్కాలాడుతున్నారట. పిల్ల గుమ్మం దిగడం లేదట. ఫోన్ పెట్టేసి చాలాసేపు అలా కూర్చున్నాను. ఏడుస్తూ కూర్చుంటే ఆ పిల్ల రాదు కాబట్టి లేచాను.

ముందు ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లాను. ఇకనుంచి జాబితా ఇవ్వనని, క్లాసు అందరికీ పెడతానని చెప్పాను. ఆయన తన సామెత ఎత్తుకోబోయారు.

"అడగని పిల్లకు ఆకలుండదా సార్?" అన్నాను. "వండి మూత తీసి పెడదాం. తినేవాళ్లు తింటారు."

ఒప్పుకోలేదు. పేరు ఇవ్వనివాళ్లకు క్లాసు పెట్టే పద్ధతి లేదన్నారు, గదులు ఖాళీ లేవన్నారు. సరేనన్నాను. ప్రాక్టికల్ రికార్డు మీద నా సంతకం లేకుండా ఎవరూ పరీక్షకు కూర్చోలేరు కదా. సంతకాల వంకతో ఫైనలియర్ మొత్తాన్ని రోజూ మధ్యాహ్నం ల్యాబ్‌కి రప్పించాను. ఒక్కొక్కరి రికార్డు దిద్దుతూ, మిగిలినవాళ్లు ఊరికే కూర్చోకుండా ఎంట్రన్స్ ప్రశ్నలు బోర్డు మీద చేయించేదాన్ని. తలుపు బార్లా తీసి ఉంచేదాన్ని. ఎవరూ చెయ్యెత్తనక్కర్లేదు, ఎవరూ ఏదీ చెప్పనక్కర్లేదు. నా సంతకం అంత నత్తనడక ఎప్పుడూ నడవలేదు. ఒకరోజు ప్రిన్సిపాల్ గారు వరండాలో ఆగి, బోర్డు చూసి, నన్ను చూసి, గడియారం చూసుకుని వెళ్లిపోయారు. ఆయన చెడ్డవారు కాదు. మంచి పని చెయ్యడానికి కూడా ఆయనకు ఒక ఫారం ఉండాలి.

నూకరత్నం ఆ మధ్యాహ్నాలకు రాలేదు. ల్యాబ్‌లోనే ఉన్న తన రికార్డు మీద నేనే సంతకం పెట్టి ఉంచాను. ప్రాక్టికల్ పరీక్షకు మాత్రం వచ్చి, నా వైపు చూడకుండా చేసేసి, రికార్డు కూడా తీసుకోకుండా వెళ్లిపోయింది. ఎంట్రన్స్ అప్లికేషన్ గడువు దగ్గరపడుతోంది.

వేట లేని రోజులు

ఏప్రిల్ మధ్యలో వేట నిషేధం మొదలైంది. చేపలు గుడ్లు పెట్టే ఆ రెండు నెలలు పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి. ఈసారి బుద్ధి తెచ్చుకుని, ఎప్పుడు వెళ్లాలో ఎల్లాజీని అడిగాను.

"ఇప్పుడెల్లండి మేడమ్," అన్నాడు. "ఇప్పుడెవులూ ఎక్కడికీ ఎల్లరు."

నూకరత్నం రికార్డు పట్టుకుని ఒక సాయంత్రం వెళ్లాను. పేజీల మధ్యలో పాత ప్రశ్నపత్రాలు పెట్టాను. అప్లికేషన్ నింపే పద్ధతి ఒక కాగితం మీద రాసి, ఆఖరి తేదీ ఎర్ర సిరాతో వేశాను. దానయ్య పాక నీడలో కూర్చుని వల బాగు చేసుకుంటున్నాడు. వెళ్లి పక్కన కూర్చున్నాను. నా సర్వీసు మొత్తంలో నేను చేసిన కష్టమైన ప్రాక్టికల్ ఆ సాయంత్రం నోరు మూసుకుని కూర్చోవడం. కాసేపటికి ఆయన వల కొస నా చేతిలో పెట్టాడు, బిగించి పట్టుకోమని. పట్టుకున్నాను.

ఆ రోజు అలా అడగడం నా తప్పేనని మాత్రం చెప్పాను. ఆయన సూది ఆపకుండా తల ఊపాడు. ఇంకో ముడి వేసి అన్నాడు.

"మాకు ఆశ నేదనుకోకండి మేడమ్ గారూ. ఉంతాది. పైకి సెప్పుకోం. సెప్పుకున్నాక అవకపోతే, మళ్లీ ఈ ఒడ్డు మీదే కదండి తిరగాల."

పిల్ల రికార్డు ల్యాబ్‌లో ఉండిపోయిందని చెప్పి ఇచ్చాను. ఆయన తెరిచాడు. కాగితాలు కనిపించాయి, ఎర్ర సిరా కనిపించింది. లేచి లోపలికి వెళ్లి, గోడకు వేలాడదీసిన ప్లాస్టిక్ సంచి తెచ్చాడు. అందులో పడవ రిజిస్ట్రేషన్ కాగితాలు, ఆయన గుర్తింపు కార్డు ఉన్నాయి. ప్రశ్నపత్రాలను వాటితో కలిపి పెట్టి మూతి ముడేశాడు. వీళ్లకు ఆశ లేదని టీ తాగుతూ చెప్పుకునే మా స్టాఫ్ రూమ్ మొత్తాన్ని తీసుకొచ్చి ఆ ముడి చూపించాలనిపించింది.

పిల్ల అప్లికేషన్ పెడుతుందా అని అడగలేదు. బస్సెక్కి ఇంటికొచ్చేశాను.

దువ్వాడలో

ఎంట్రన్స్ సెంటరు దువ్వాడలో ఒక కాలేజీలో పడింది, జూన్ మధ్యలో. నూకరత్నం రాస్తోందో లేదో నాకు తెలియదు. ఎవరినీ అడగనని ఒట్టు పెట్టుకున్నాను కానీ కాళ్లు ఊరుకోలేదు, వెళ్లాను. గేటు ఎదురుగా టీ బండి దగ్గర, ఇస్త్రీ చొక్కా వేసుకుని దానయ్య నిలబడి ఉన్నాడు.

వేట మళ్లీ మొదలైన వారం అది. రెండు నెలలు ఆగిన సముద్రంలో ఆ మొదటి రోజుల్లోనే చేప దండిగా పడుతుంది. ఏడాది పొడవునా ఆ రోజుల కోసమే చూస్తారు. ఆయన పడవలో తన చోట ఇంకొకణ్ని పెట్టి, ఇంజను సామాను కోసం వెళ్తున్నానని ఒడ్డున చెప్పి వచ్చాడని పైడితల్లి తర్వాత చెప్పింది. మీరెందుకొచ్చారని ఆయన నన్ను అడగలేదు. నేనూ అడగలేదు. రెండు టీలు చెప్పాడు. పరీక్ష అయ్యేదాకా ఇద్దరం వర్షం పడుతుందా లేదా అని మాట్లాడుకున్నాం.

నూకరత్నం బయటికి వచ్చి తండ్రిని చూసింది, నన్ను చూసింది. ఎలా రాశావన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"జెనెటిక్స్ పరవాలేదు మేడమ్," అని తనే అంది.

ల్యాబ్‌లో నేను చేయించినవన్నీ స్నేహితురాలి నోట్సు తెప్పించుకుని ఎక్కించుకుందట. రోడ్డు మీదే నాకు ఏడుపొచ్చింది. మెరైన్ బయాలజీలో సీటు వచ్చిందని ఆగస్టులో నాకు మొదట ఫోన్ చేసింది ఎల్లాజీ.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా నేను జాబితా రాయలేదు. ల్యాబ్‌కి వచ్చిన పిల్లలందరూ పీజీకి వెళ్లారని అబద్ధం చెప్పను. కొందరు రాసి పోగొట్టుకున్నారు. కొందరు బ్యాంకు ఉద్యోగమే మేలనుకున్నారు, అందులో తప్పేమీ లేదు. కానీ తలుపు బయట కూర్చుని పోగొట్టుకున్నవాళ్లు మాత్రం లేరు. మీరూ చేతులెత్తమనకండి. ఎవరికి ఆశ ఉందో తెలుసుకోవాలంటే, మర్నాడు అదే స్లైడు మళ్లీ ఎవరు అడిగి తీసుకుంటున్నారో చూడండి. తలుపు తీసి పెట్టండి. ఇంటికి వెళ్లాల్సివస్తే, ఎప్పుడు వెళ్లాలో ఆ ఊరివాళ్లను అడిగి వెళ్లండి.

నేను రిటైరైన ఏడాది ఒక ఉదయం పైడితల్లి ఫోన్ చేసి, ఫలానా రైలు టైముకు దువ్వాడ స్టేషనుకు రమ్మంది. ఎందుకో చెప్పలేదు. వెళ్లాను. నూకరత్నం, తల్లి, తండ్రి, తండ్రితో పడవ తోసిన ఆ ముగ్గురూ, ఒడ్డు ఆడవాళ్లు ఇంకొందరు ఉన్నారు. పెద్ద పెట్టె ఒకటి ఉంది. నేను పెట్టె చూసి నోరు కట్టేసుకుని నిలబడ్డాను. రైలొచ్చి ఆగింది. నూకరత్నం నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"అడగండి మేడమ్," అంది.

నేను దానయ్య వైపు చూశాను. ఆయన తల ఊపాడు.

"ఎక్కడికమ్మా?" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు.

"పీహెచ్‌డీకి మేడమ్. కొచ్చి ఎల్తన్నాను," అంది, ప్లాట్‌ఫారమంతా వినేలా.

దానయ్య ఈసారి వెనక్కి తిరగలేదు. పెట్టె ఎత్తి బోగీలో పెట్టాడు.